దాటకూడని రాడ్డు

మొన్న మా బిడ్డకు సైకిల్ కొందామని జగిత్యాలలో ఒక దుకాణానికి వెళ్ళాను. స్కూల్లో సైకిల్ పోటీలకు పేరిచ్చిందట. దుకాణం అతను మమ్మల్ని చూసీ చూడగానే ముందు బుట్ట ఉన్న గులాబీ రంగు సైకిల్ ఒకటి లాక్కొచ్చి నిలబెట్టాడు. మధ్యలో రాడ్డు లేదు, చట్రం వంపు తిరిగి కిందికి దిగిపోయి ఉంది.

"లేడీస్ మోడల్ మేడం. మస్తుంటది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మాకు రేసుకు గావాలె. కూరగాయలు తెచ్చుకొనుడుకు గాదు. రాడ్డున్నది చూపియ్యి" అన్నాను.

"ఆడపిల్ల గద మేడం, ఎక్కుడు దిగుడు తకలీఫైతది" అని నసుగుతూనే రాడ్డున్నది తీశాడు. మా బిడ్డ వెనక నుంచి కాలు లేపి, రాడ్డు దాటించి, సీటెక్కి దుకాణం ముందు ఒక చుట్టు తిరిగొచ్చింది. దానికది ఏమీ కాదు. నాకు మాత్రం దాని కాలు గాలిలో ఉన్నంతసేపూ ఊపిరాడలేదు. ఇన్నేళ్ళయినా ఆ భయం నన్ను వదల్లేదు.

నా చిన్నప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. పొద్దున్నే సైకిల్ హ్యాండిల్‌కు కుండలు తగిలించుకుని తాటివనానికి పోయేవాడు. నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకునేవాడు. ఇనుము ఒత్తుకుంటుందని తన తువ్వాలను రాడ్డుకు చుట్టి ముడి వేసేవాడు. నేను పెద్దదాన్నై రాడ్డు మీద పట్టకుండా పోయాక కూడా ఆ తువ్వాల అక్కడే ఉండిపోయింది. తర్వాత చెట్లు ఎండిపోయాయి, కల్లు దిగడం తగ్గింది. మా వాడకట్టులో మగవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కడికి పోయారో బాపు కూడా అక్కడికే పోయాడు, దుబాయికి. వెళ్ళే ముందు సైకిల్ తుడిచి, చెయినుకు నూనె వేసి, గోడకు ఆనించాడు. "మల్ల నేనచ్చినంక తీస్త" అన్నాడు.

ఆ గోడకే ఇంకో సైకిల్ కూడా ఉండేది. బాపు చెల్లెలు, మా అత్త, సిరిసిల్లలో ఉండేది. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతే బట్ట నేసేవాళ్ళకు పని లేకుండా పోయింది. అత్తావాళ్ళు ఇంటికి తాళం వేసి భీవండికి పోతూ తమ లేడీస్ సైకిల్‌ను మా ఇంట్లో పెట్టి పోయారు. రెండు సైకిళ్ళు పక్కపక్కన నిలబడి ఉండేవి. రెండూ ఊరు విడిచి పోయినవాళ్ళవే.

మా బాపమ్మ, అంటే బాపు తల్లి, చాలా గట్టి మనిషి. పడుకున్న మనిషిని దాటకూడదని అందరిళ్ళలోనూ అంటారు. పొరపాటున దాటితే వెనక్కి దాటిస్తారు. మా బాపమ్మ దాన్ని అక్కడితో ఆపలేదు. బాపు వెళ్ళిన రోజు సాయంత్రం దాకా ఇల్లు ఊడ్వనివ్వలేదు. ఆయన చెప్పులు దాటనివ్వలేదు, ఆయన చెట్లెక్కే మోకును దాటనివ్వలేదు. ఇక సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. మనిషి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సైకిల్ సైకిలే, మనిషి ఎడారిలో ఉంటే సైకిలే మనిషి. అదీ ఆమె లెక్క. మా అమ్మ ఆ లెక్కకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. గోడ పక్కన పని ఉంటే చుట్టూ తిరిగి పోయేది.

వాడకట్టు వాడకట్టంతా అలాగే బతికేది మరి. ఆడవాళ్ళు అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే జీపు సందు మలుపు తిరిగితే చాలు, అందరి చేతులూ ఆగిపోయేవి. అందరూ జీపు టాపు వైపే చూసేవాళ్ళు. పైన సూట్‌కేసులు, దుప్పట్ల మూటలు ఉంటే మనిషి వచ్చినట్టు. టాపు ఖాళీగా ఉండి, బండి మరీ మెల్లగా వస్తుంటే, లోపల శవపెట్టె ఉన్నట్టే, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందోనని ఊపిరి బిగబట్టేవాళ్ళు. అది మమ్మల్ని దాటి పోయాక మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టేవాళ్ళు.

నేను పదో తరగతిలో ఉండగా జగిత్యాలలో ఆడపిల్లలకు సైకిల్ రేసు పెట్టారు. గెలిచినవాళ్ళను పై పోటీలకు పంపుతారన్నారు. మా డ్రిల్ సార్ నా పేరు రాశారు. నేను అత్తావాళ్ళ లేడీస్ సైకిల్ మీద రోజూ మెట్‌పల్లి రోడ్డున తొక్కేదాన్ని. ఎంత దమ్ము పెట్టి తొక్కినా అది ముందుకు పోయేదానికన్నా పక్కలకు ఊగేదే ఎక్కువ. సార్ ఒకరోజు దాని హ్యాండిల్ ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టుకుని మెలిపెట్టి చూపించారు. చట్రం కిర్రుమంది.

"చూసినవా? రాడ్డుంటే చట్రం మూడు మూలలై బిగుసుకుంటది. గీ లేడీస్ సైకిల్‌కు రాడ్డు తీసి కిందికి వంచిన్రు. నువ్వు తొక్కిన బలమంత గీ ఊగుడే తింటది" అన్నారు.

"మరి మాకు గిట్లెందుకు చేసిన్రు సార్?"

"చీర కోసం బిడ్డా. చీరల కాలు లేపరాదని. రేసుల చీర ఎవలు కట్టుకుంటరు? పెద్ద రేసులల్ల ఆడోళ్ళకు గూడ రాడ్డున్న సైకిళ్ళే. జెర చిన్నగుంటయ్, హ్యాండిల్ దగ్గరికుంటది, గంతే."

ఆయన తేలిగ్గా చెప్పి వెళ్ళిపోయారు. నా కళ్ళు మాత్రం ఇంటికి రాగానే గోడకు ఆనించి ఉన్న బాపు సైకిల్ మీద పడ్డాయి. బాపమ్మ బావి దగ్గర ఉందని చూసుకుని దాన్ని బయటికి తీసి కాలు లేపాను. అంతే, ఎక్కణ్ణుంచి చూసిందో, చేతిలో చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఓసి నీ కాళ్ళిరుగ! బాపును దాటుతవానే? ఎండల పడి పని చేస్తున్నడు నా కొడుకు, వాని మీదికెళ్ళి కాలేస్తవా?"

లేపిన కాలు దించేశాను. అమ్మ గడపలో నిలబడి చూసి లోపలికి పోయింది. నాకు కోపంతో ఏడుపొచ్చింది. నాకూ ఒక తిక్క ఉంది లెండి. దాటొద్దంటే దాటను, కానీ ఆ సైకిల్ విడవను. చిన్నపిల్లలు పెద్ద సైకిల్ నేర్చుకునేటప్పుడు సీటెక్కలేక, కాలును రాడ్డు కింద నుంచి అవతలి పెడలుకు దూర్చి, పక్కకు వేలాడుతూ తొక్కుతారు. దాన్ని కాంచి తొక్కడం అంటాం. అలా తొక్కితే రాడ్డు దాటినట్టు కాదు. బాపమ్మ చాలాసేపు ఆలోచించి, "కిందికెళ్ళి పోతే ఏం గాదు తియ్యి" అంది.

ఇక చూడండి నా అవతారం. పదో తరగతి పిల్లను, పొడుగైన దాన్ని, కాంచి తొక్కుతూ రోడ్డున పోతుంటే చూసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. "ఏందే, ఇంత పెరిగినవ్, ఇంకా కాంచేనా!" అని బీడీల ఆడవాళ్ళు అరుగుల మీద నుంచి అరిచేవాళ్ళు. సీటు చంకలో పొడుచుకునేది. తొడ మీద ఇనుము తగిలి నల్లగా కమిలిపోయేది. అయినా విచిత్రం, ఆ వంకర తొక్కుడులో కూడా బాపు సైకిల్ లేడీస్ సైకిల్ కంటే గట్టిగా దూసుకుపోయేది. దాటకుండానే గెలుస్తాను, బాపు వచ్చాక చెబుతాను అనుకున్నాను.

బాపు శుక్రవారం శుక్రవారం మూల మీది ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. ఒక వారం మాట్లాడుతూ, "ఛాతిల మంటగుంటున్నది, ఎండ గదా" అన్నాడు. తర్వాతి వారం ఫోన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బాపమ్మ రోజూ నా కాళ్ళ వైపు అనుమానంగా చూసేది. "నిజం చెప్పు, ఏడనన్న దాటినవా?" అని అడిగేది. "లేదు బాపమ్మా, ఒట్టు" అనేదాన్ని. నిజంగానే దాటలేదు. అయినా తొక్కుతూ తొక్కుతూ ఎప్పుడైనా పొరపాటున కాలు పైకి లేచిందేమో, నాకే తెలియకుండా దాటేశానేమోనని గుర్తు చేసుకుంటూ కూర్చునేదాన్ని.

రేసు ముందురోజు పొద్దుగూకే వేళ బూత్ అతను వచ్చి అమ్మను పిలిచాడు. దుబాయి నుంచి ఫోన్ అన్నాడు. అమ్మ చాట పక్కన పెట్టి పరుగెత్తింది. నేను వస్తానంటే వద్దంది. తిరిగొచ్చేసరికి వీధి లైట్లు వెలిగాయి. పరుగెత్తి పోయిన మనిషి ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది.

"ఏమన్నడు? మంచిగున్నడా?" అని బాపమ్మ ఎదురెళ్ళింది.

"లైన్ కట్టయిందత్తా. మాట సరిగ్గ ఇనరాలే" అంది అమ్మ.

అన్నం వండింది. మాకు పెట్టింది. తాను తిన్నదో లేదో నేను చూడలేదు. మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కానీ ఒక్క బీడీ కూడా చుట్టలేదు. బాపు ఫోన్ చేశాడు కదా, బతికే ఉన్నాడు కదా అన్న సంతోషంలో నేను అదేమీ పట్టించుకోలేదు.

తెల్లారి లేచేసరికి అమ్మ బాపు సైకిల్‌ను నీళ్ళు పోసి కడిగి పెట్టింది. రాడ్డుకు తువ్వాల లేదు. ఇన్నేళ్ళుగా చూడని ఇనుము అక్కడ కొత్తగా మెరుస్తోంది. రేసుకు బరువు తగ్గించిందేమో అనుకున్నాను. బస్టాండ్ దాకా అమ్మ కూడా వచ్చింది. సైకిల్‌ను బస్సు టాపు మీదికెక్కించి కట్టారు. నేను బస్సెక్కుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇయ్యాల కాంచి తొక్కకు. సీటెక్కి తొక్కు. దాటి తొక్కు బిడ్డా."

"బాపమ్మ..."

"నేను చెప్తున్న గద. దాటు. ఏం గాదు." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. రాత్రంతా దగ్గిందేమో అనుకున్నాను.

జగిత్యాలలో ఊరి బయట నుంచి ఖిల్లా దాకా రేసు. మిగతా ఆడపిల్లలందరివీ లేడీస్ సైకిళ్ళే. అందరూ నా సైకిల్‌ను, నన్ను మార్చి మార్చి చూశారు. గీత దగ్గర నిలబడ్డాక నా కాలు లేవలేదు. అలవాటుగా రాడ్డు కిందికే పోయింది. "ఏం చేస్తున్నవే, ఎక్కు!" అని సార్ అరిచారు. అమ్మ మాట గుర్తు చేసుకుని, కళ్ళు మూసుకుని, వెనక నుంచి కాలు లేపి అవతలికి వేశాను.

ఏమీ కాలేదు. ఆకాశం అలాగే ఉంది, ఎండ అలాగే ఉంది. ఏమీ కాకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఈల ఊదగానే తొక్కాను. సీటు మీద కూర్చుని రెండు కాళ్ళతో నిండుగా తొక్కితే ఆ సైకిల్ ఎలా పోతుందో అప్పటిదాకా నాకు తెలియదు. పక్క పిల్లల సైకిళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే నాది గీసిన గీతలా పోయింది. ఖిల్లా గోడ కనిపించేసరికి నా ముందు ఎవరూ లేరు. ఒక ఇత్తడి కప్పు చేతిలో పెట్టారు. సంతోషపడాలి కదా, పడ్డాను. కానీ తొందరగా ఇంటికి పోవాలనిపించింది.

కోరుట్ల బస్టాండ్‌లో సైకిల్ దింపించుకుని, కప్పు హ్యాండిల్‌కు తగిలించుకుని, సీటెక్కే ఇంటికొచ్చాను. అమ్మే చెప్పింది కదా అన్న ధైర్యం. సందు మలుపు తిరిగాక అరుగుల మీద ఎవరూ లేరు. చాటలు ఆకులతో సహా అక్కడే పెట్టి ఉన్నాయి. మా గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. ఏ జీపూ రాలేదు, అయినా నా కళ్ళు జీపు కోసం, దాని టాపు మీది సూట్‌కేసుల కోసం వెతికాయి.

వాకిట్లో జనం మధ్య కూర్చున్న బాపమ్మ తలెత్తి, సీటు మీద ఉన్న నన్ను చూసింది.

"దాటింది! సూడున్రి, దాటింది! నా కొడుకును దీని కాలే మింగింది!"

నా చేతుల్లోంచి సైకిల్ జారి గుమ్మానికి అడ్డంగా పడిపోయింది. కప్పు మోగుకుంటూ దొర్లిపోయింది. నేను అలాగే నిలబడిపోయాను. జనమంతా నా కాళ్ళ వైపు చూస్తున్నారు. ఆ క్షణం నేను కూడా నమ్మాను. నా కాలే అని నమ్మాను.

అప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చింది. భుజాన బాపు తువ్వాల ఉంది.

"దాని జోలికి పోకు అత్తా. ఇయ్యాల మీకు చెప్పిన గని, నిన్న పొద్దుగూకంగ అచ్చిన ఫోన్ గదే. మొన్ననే పోయిండు. బూత్ ఆయనను అడుగున్రి, ఆయన గూడ ఇన్నడు. నా బిడ్డ దాటింది ఇయ్యాల. నేనే దాటుమన్న."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదే?" అని బాపమ్మ గుండెలు బాదుకుంది.

"చెప్తే ఇది ఇగ జన్మల సైకిల్ ముట్టకపోవు" అంది అమ్మ.

వచ్చిన ఆడవాళ్ళు నన్ను లోపలికి తీసుకుపోదామని లేచారు. గుమ్మంలో బాపు సైకిల్ పడి ఉంది. ఒక్కరూ దాని మీదుగా రాలేదు. గోడకు రాసుకుంటూ, చీరలు ఎత్తి పట్టుకుని, చుట్టూ తిరిగి రావడానికి చూస్తున్నారు.

అమ్మ చుట్టూ తిరగలేదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రాడ్డు దాటి నా దగ్గరికి వచ్చింది.