తుగ్గలి బావి నీళ్లతో రామేశ్వరం

మా బావ ఈరన్నకు దేవుడితో తగాదా ఉండటం వల్ల నేను రామేశ్వరం చూశాను. లేకపోతే ఆదోని పత్తి మండీలో గుమాస్తాగా ఉన్నవాడికి అంత దూరం పోయే పని పడదు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో జరిగింది. ఇప్పటికీ దారి అదే కాబట్టి, పోదలచుకున్నవాళ్లకు పనికివస్తుందని రాస్తున్నాను.

తగాదా సంగతి ముందే చెప్పాలి. బావది తుగ్గలి పక్కన పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. బావి తవ్వించేటప్పుడు, తియ్యటి నీళ్లు పడితే రామేశ్వరం వచ్చి గుళ్లో ఉన్న ఇరవై రెండు తీర్థాల్లోనూ స్నానం చేస్తానని మొక్కుకున్నాడు. నీళ్లు పడ్డాయి. ఎద్దు మూతి పెట్టి తల తిప్పేసుకునేటంత ఉప్పు. మొక్కు తీర్చాలా అక్కర్లేదా అన్న దానిమీద ఆయనకూ మా అక్క నాగమ్మకూ ఏడాదిగా మాటలు సరిగా లేవు. నీళ్లు పడ్డాయి కాబట్టి పోవాల్సిందేనని అక్క. దేవుడు సగమే ఇచ్చాడని బావ. ఈలోగా అక్క తాగేనీళ్లకు పక్క ఊరి బావికి రోజూ రెండు మార్లు బిందె మోస్తూనే ఉంది.

చివరికి బావే పోదామన్నాడు. తన బావి నీళ్లు ఒక చెంబుడు తీసుకుపోయి రామలింగడి తలమీద పోస్తాడట. ఆయనకూ రుచి తెలియాలట. తిరిగి వచ్చాక బావి పూడ్చేసి, చేను కౌలుకిచ్చి, ఆదోని వచ్చి పత్తి ప్రెస్సులో బేళ్లు మోస్తానన్నాడు. ప్రెస్సు మేస్త్రీతో మాట్లాడి పెట్టమని నాకు చెప్పాడు. మాట్లాడాను. ఆ మాట ఎత్తినప్పుడల్లా అక్క లేచి బయటికి పోయేది. చేను వదలడం ఆమెకు ఇష్టం లేదు. నోరు తెరిచి ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మాకు తెలియకుండానూ లేదు.

మండీకి పత్తి రావడం మొదలుకాక ముందు, పుష్యమాసంలో బయలుదేరాం. మద్రాసుకు నాలుగైదు సార్లు పోయినవాణ్ణి గనుక నాకు అరవం వచ్చునని ఇంట్లో పేరు. నాకు వచ్చిన అరవం పత్తి బేళ్లకు సరిపోతుంది, దేవుడి పనులకు చాలదు. అది నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

బయలుదేరేనాటి పొద్దున్నే బస్సులో ఎమ్మిగనూరు పోయి స్వామికి పంచె తెచ్చాను. అప్పటికే బావతో ఆదోని మా ఇంటికి వచ్చి ఉన్న అక్క దాన్ని వెలుతురుకు పట్టి, అంచు రెండు వైపులా వేళ్లతో లాగి చూసి, పోగు గట్టిగా ఉందని ఒప్పుకుంది. బావ ఇత్తడి చెంబు మూతికి గుడ్డ కట్టి, మా మండీలో పార్శిళ్లకు వాడే లక్క కరిగించి మూసేశాడు. ఆ లక్కతో అది అచ్చంగా కాశీ నుంచి వచ్చిన గంగ చెంబులా తయారైంది. దీనివల్ల ఏమవుతుందో మాకు అప్పుడు తోచలేదు.

బొంబాయి నుంచి వచ్చే మద్రాసు మెయిలు ఆదోనికి గంట ఆలస్యంగా వచ్చింది. మూడో తరగతిలో కూర్చునే చోటు దొరకడమే గొప్ప. మా ఎదురుగా రాయచూరు నుంచి తిరుపతికి పోతున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. చెంబును చూడగానే చెప్పులు విడిచి దండం పెట్టాడు. బావ చెంబును ఒళ్లోంచి కదిలించకుండా, "మా బాయి నీళ్లు" అన్నాడు. పెద్దాయన నవ్వి, అందరూ చుక్క అడుగుతారని ఇట్లా చెప్పుకోవడం మామూలేనని నాతో అన్నాడు. కాసేపటికి పెట్టెలో సగంమంది వచ్చి దండాలు పెట్టిపోయారు. ఒకావిడ పసిబిడ్డ తలను చెంబుకు తాకించింది. బావ అడిగిన ప్రతివాళ్లకూ నిజమే చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. అక్క కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాదిలో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

గుంతకల్లు దాటాక జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి తిని పడుకున్నాం, అంటే కూర్చున్నచోటే కళ్లు మూసుకున్నాం. మర్నాడు ఉదయం మద్రాసులో దిగి జట్కా కట్టించుకుని ఎగ్మూరు స్టేషనుకు చేరాం. జట్కావాడు ముప్పావలా అడిగి అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు. స్టేషను దగ్గర సత్రంలో స్నానాలు చేసి, హోటల్లో ఇడ్లీ తిని, సాయంత్రం ధనుష్కోటి మెయిలు ఎక్కాం. సింహళం పోయేవాళ్లు ఈ బండిలోనే పోయి చివర స్టీమరు ఎక్కుతారు. మన అవసరం అంత దూరం కాదు కాబట్టి పాంబన్‌లో దిగి మారాలి.

పాంబన్ వంతెన మీదికి బండి మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మనిషి నడిచేటంత నెమ్మదిగా పోతుంది. రెండు పక్కలా కమ్మీ కూడా కనపడదు, కిటికీ కింద సముద్రమే. అక్క కళ్లు మూసుకుని చెంబును తానే పట్టుకుంది. బావ సముద్రం చూడటం అదే మొదలు. చాలాసేపు చూశాడు.

"ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని, మనల్ని బాయి తవ్వుకోమన్నాడు" అన్నాడు.

రామేశ్వరంలో దిగగానే పండాలు చుట్టుముట్టారు. మనది ఏ జిల్లా అని అడిగి, మీ తాత ఇక్కడికి వచ్చినప్పుడు మా తాతే చూపించాడంటారు. మా తాత పత్తికొండ దాటి ఎరగడు. తెలుగువాళ్ల సత్రం ఒకటి గుడికి దగ్గరలో ఉంది, గది చిన్నదైనా శుభ్రం. భోజనం సాంబారన్నం, కూరలన్నిట్లోనూ కొబ్బరే. కారం లేదని బావ మూడు పూటలా శెనక్కాయల పొడి కలుపుకున్నాడు.

మర్నాడు తెల్లవారక ముందు సముద్రస్నానం, తర్వాత గుళ్లో తీర్థాలు. క్రమం అదే, తప్పకూడదు. ఆ గుడి ప్రాకారాల గురించి చాలామంది రాశారు. వరసగా స్తంభాలు ఎంత దూరం పోతాయంటే, అటు చివర నిలబడ్డ మనిషి ఆడో మగో తెలియదు. సేతుపతి రాజులు కట్టించారట. నీడ, చల్లదనం బాగుంటాయి. తీర్థాలంటే కోనేళ్లనుకుంటాం గానీ చాలామటుకు బావులే. గట్టుమీద నిలబడ్డవాడు చిన్న బక్కెట్టుతో చేది మన నెత్తిన కుమ్మరిస్తాడు, మనం పక్క బావికి పరుగెత్తుతాం. గంటలో అయిపోతుంది. మాకు మూడు గంటలు పట్టింది. కారణం బావ. ప్రతి బావి దగ్గరా నెత్తిన పడ్డ నీటిని దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. మా మండీలో షావుకారు పత్తి పోగు లాగి చూసేటప్పుడు అంతే నిదానంగా ఉంటాడు. వెనక జనం ఆగిపోయారు.

"స్నానం సెయ్యి. బేరం సెయ్యొద్దు" అంది అక్క.

ఆయన వినలేదు. అన్నీ తాగాడు. ఆఖరి బావి దగ్గర తడిబట్టలతో మెట్టుమీద కూర్చుండిపోయాడు.

"సుట్టూ సముద్రం. నడిమధ్య ఇన్ని బాయిలు, అన్నీ తీపి" అన్నాడు. "నేను అడిగింది ఒకటే గదా."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు బాగుండేది.

గర్భగుడి దగ్గర పంచె తీసుకున్నారు. చెంబు చూసి అర్చకుడు చేయి చాచాడు. గంగేనా అన్నాడు. కాదని చెప్పు, మన బాయి నీళ్లని చెప్పు అన్నాడు బావ. చెప్పాను. ఏ నది అని ఆయన మళ్లీ అడిగాడు. నది కాదు, బావి అన్నాను. తుగ్గలి ఎక్కడుందో అరవంలో వివరించబోయాను. ఆయన ఓపికగా విన్నాడు. స్వామికి గంగ ఒక్కటే పోస్తామని చెప్పి చెంబు తిరిగి ఇచ్చాడు, కళ్లకద్దుకునే ఇచ్చాడు. మూడు రోజులు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన చెంబును బావ మళ్లీ సంకన పెట్టుకున్నాడు. అబద్ధమాడి ఉంటే పని జరిగేది. అది ఆయనకు తోచలేదు, తోచినా చెయ్యడు. నాకు మాత్రం ఆ క్షణాన దేవుడి మీద కొంచెం కష్టంగానే అనిపించింది.

సాయంత్రం ఎద్దుబండి కట్టించుకుని గంధమాదనం చూశాం. ఇసుకతిప్ప మీద రెండంతస్తుల మండపం, లోపల రాముడి పాదాలు. పైకెక్కితే దీవి అంతా కనిపిస్తుంది. కొబ్బరిచెట్లు, గుడి గోపురం, నాలుగు పక్కలా నీళ్లు. అక్క పాదాలకు మొక్కింది. బావ మొక్కలేదు. ప్రెస్సులో కూలి వారానికిస్తారా నెలకా అని నన్నడిగాడు. వారానికి అన్నాను. అక్క మెట్లు దిగిపోయింది.

మర్నాడు ధనుష్కోటి. రైలు మళ్లీ పాంబన్ వచ్చి అక్కణ్ణుంచి పోవాలి. స్టేషను, కస్టమ్సు కచేరీ, స్టీమరు రేవు అన్నీ ఉన్న ఊరే గానీ, ఊరు కింద ఇసుక తప్ప ఇంకేమీ లేదు. ఊరు దాటి నడిస్తే నేల సన్నబడుతుంది. ఎడమన ఒక సముద్రం చెరువులా ఊరుకుని ఉంటుంది, కుడివైపుది అరుస్తూ ఉంటుంది. రెండూ కలిసేచోట మునగాలి. మునిగాం. బావ ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"దీనికంటే మన బాయే నయం" అన్నాడు. యాత్రలో ఆయన తన బావిని మెచ్చుకోవడం అదే మొదలు.

తిరిగి వస్తుంటే ఎండకు అక్కకు నాలుక పిడచకట్టింది. దారిలో తాటాకు గుడిసె ముందు ఒక జాలరి ఆవిడ వల బాగుచేసుకుంటోంది. నీళ్లు కావాలని అడిగాను. ఆవిడ లేచి కొబ్బరిచిప్ప తీసుకుని, గుడిసె పక్కనే ఇసుకలో తోడసాగింది. సముద్రం అక్కడికి రాయి విసిరితే పడేటంత దూరంలో ఉంది. ఆమెకు మతి చలించిందనుకున్నాను. మోచేతి లోతుకు పోగానే గుంటలో నీళ్లు ఊరాయి. తేటపడేదాకా ఆగి, చిప్పతో ముంచి అక్కకు ఇచ్చింది. అక్క తాగి, చిప్పను బావకు అందించింది. బావ తాగాడు. నేనూ తాగాను. కొబ్బరినీళ్లంత కాదు గానీ తియ్యటి నీళ్లే.

అప్పుడు బావ ఒక పని చేశాడు. మా పక్క మెట్ట రైతు ఎవడైనా అదే చేస్తాడు. నీళ్లు కనపడ్డాయి కాబట్టి కిందికి పోతే ఇంకా ఉంటాయని, చిప్ప తీసుకుని గుంటను ఇంకొంచెం తవ్వాడు. ఆవిడ వద్దు వద్దని అరిచింది. అరవం తెలియనివాడికైనా అర్థమయ్యే అరుపు. ఆయన ఆగలేదు. ఇంకో మూర దిగాడు. నీళ్లు నిజంగానే ఎక్కువగా ఊరాయి. ముంచి నోట్లో పోసుకున్నాడు.

మింగలేదు, ఉమ్మలేదు. ఉప్పని ఆయన ముఖమే చెప్పింది. ఆవిడ గొణుక్కుంటూ కాలితో ఇసుక తోసి ఆ గుంటను పూడ్చేసింది. ఏమంటోందని బావ సైగ చేశాడు. ఇక్కడ పైన ఉన్నది వాననీరు, కింద ఉన్నది సముద్రం, ఎంత కావాలో అంతే తోడుకోవాలి అంటోందని చెప్పాను. ఇంత మాట నాకు తప్పు లేకుండా అర్థం కావడం ఆ యాత్రలో అదొక్కసారే.

ఆవిడ పక్కనే ఇంకో గుంట తోడింది. బావ లేచి, చెంబు లక్క గోటితో ఒలిచి, సముద్రం దగ్గరికి పోయి తన బావి నీళ్లు అందులో వంచేశాడు. దండం గిండం పెట్టలేదు. వచ్చి కొత్త గుంటలోంచి చెంబు నింపుకుని, మళ్లీ గుడ్డ కట్టాడు. అక్క చూస్తూనే ఉంది. రైలు వేళయిందని నేను తొందరపెట్టాను.

తిరుగు ప్రయాణంలో మద్రాసు దాకా బావ చెంబును ఒళ్లోంచి దించలేదు. మద్రాసులో తీరిక లేదు, మెయిలు అందుకోవడమే సరిపోయింది. గుంతకల్లులో వాళ్లు తుగ్గలి బండికి మారాలి, నేను ఆదోని పోవాలి. నా బండి నీళ్లు పట్టుకోవడానికి చాలాసేపు ఆగుతుంది కాబట్టి ప్లాట్‌ఫారం మీద ముగ్గురం కూర్చున్నాం. మేస్త్రీకి ఏం చెప్పమంటావని అడిగాను.

"బాయి పూడుస్తా" అన్నాడు బావ.

అక్క మూట ముడి వేస్తున్నదల్లా ఆగిపోయింది.

"అడుగు నుంచి పూడుస్తా. రేగడిమన్ను పోసి తొక్కిస్తా. మీ యక్క దోసిట్లో పట్టి తాగింది సూడు, ఆడికి తెచ్చి నిలబెడతా."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. బావి ఇంకా రెండు మట్ల లోతులో, అంటే రెండు నిలువుల్లో, ఉన్నప్పుడే ఒక పక్క నుంచి సన్నగా ఊట వచ్చిందట. బువ్వ తెచ్చిన అక్క లోపలికి దిగి, తాగి చూసి, ఇది చాలని చెప్పిందట. ఇదీ ఒక నీళ్లేనా అని నవ్వి, బావ ఇంకా నాలుగు మట్లు దింపాడట. ఆ ఉప్పు నీళ్ల కింద ఆ ఊట ఏమైందో ఎవరూ చూడలేదు.

"దేవుడు సగం ఇచ్చినాడంటి. తీపి సగం ముందే ఇచ్చినాడు" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "నువ్వు ఆ పొద్దే సెప్పినావు. నేనే యినలేదు."

ఊట ఇంకా బతికి ఉందో లేదో, అది ఆ ఇంటికి చాలుతుందో లేదో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. అక్క ముడి వేయడం పూర్తిచేసి, కళ్లు తుడుచుకుని, మేస్త్రీకి వద్దని చెప్పమంది నాతో.

ఇంతలో ఒక ముసలాయన చెంబును చూసి ఆగాడు. మూతికి గుడ్డ, అంచున ఇంకా మిగిలిన లక్క. చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, గంగేనా తల్లీ అని అడిగాడు.

"కాదప్పా, తాగే నీళ్లు" అంది అక్క. గుడ్డ విప్పి, "దోసిలి పట్టు" అంది.

ఆయన పట్టాడు. ఆమె పోసింది. తర్వాత బావకు పోసింది, నాకు పోసింది, మిగిలింది తాను తాగి ఖాళీ చెంబును మూటలో పెట్టుకుంది.