మిగతా సగం మీరు వేయించుకోండి

మంగళవారం నేను ఏడో తరగతికి పాఠం చెబుతుండగా నాన్న ఫోన్ చేశాడు. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ చేయడు. బయటికి వచ్చి ఎత్తాను. “అమ్మాయ్, మీ పెద్దమ్మ...” అని ఆగిపోయాడు. నేను మాత్రం “ఆ, చెప్పు నాన్నా, చెప్పు” అంటూనే ఉన్నాను. చెప్పాల్సింది చెప్పేశాడని అర్థమయ్యాక కూడా ఆపలేకపోయాను.

సత్తెనపల్లిలో బస్సెక్కితే సీటు దొరికింది. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. “ఏందమ్మా, పడతావు, ఓ చోట కూర్చో” అని కండక్టర్ కసిరాడు. గుంటూరులో బస్సు మారి మా ప్రత్తిపాడు దాకా నిలబడే వెళ్ళాను. కాలు ఒకచోట నిలవని ఈ జబ్బు నాకు పెద్దమ్మ దగ్గర నుంచే వచ్చిందని మా అమ్మ అంటుంది.

ఆమె మా నాన్నకు వదిన. పెదనాన్న చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. మా ఇంట్లోనే ఉంటూ తన చేను తానే చేయించుకునేది. మిరప, పత్తి ఏది వేయాలో ఆమె చెప్పాకే నాన్న విత్తనాలకు బయల్దేరేవాడు. కిడ్నీలు పాడయ్యాయని తేలాక వారానికి మూడుసార్లు గుంటూరులో డయాలసిస్. నాన్న బండి మీద తీసుకెళ్ళి, అక్కడే కాచుకుని, తీసుకొచ్చేవాడు. ఆ మంగళవారం తెల్లారి లేపబోతే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

పలకరించడానికి వచ్చిన ఒకావిడ “ఆ కరోనా వచ్చినప్పుడే సగం మనిషయిపోయిందమ్మా” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఆమె ఎన్ని పంటల మిరపకాయ కల్లంలో ఆరబోయించిందో, ఎంతమందిని కేకలేసి పనిచేయించిందో ఈవిడకేం తెలుసు? సగం మనిషట! మేమంతా కలిసినా ఆమెలో సగం కాము.

మిషను మీద నాలుగు గంటలు కదలకుండా పడుకోవడమే పెద్దమ్మకు పెద్ద శిక్ష. సూదుల గురించి ఏనాడూ ఏడవలేదు. “ఈ కాళ్ళు నావి కాదనిపిస్తన్నాయమ్మా, ఇంకెంతసేపు?” అని సిస్టర్లను విసిగించేది. ఇంటికొస్తే చాప మీద కూర్చునేది కాదు. వసారాలో తిరుగుతూ, తిరుగుతూనే ముద్దలు మింగేది. నీళ్ళు కొలిచి తాగాలి కదా, ఎండాకాలం దాహానికి ఆగలేక చల్లటి నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి, వాటి వంక కోపంగా చూసి ఉమ్మేసేది.

కిడ్నీ రోగులకు కరోనా టీకా వేయడం మొదలైందని డాక్టరుగారు చెప్పిన ఏడు, మా కల్లం నిండా కాయ ఉంది. “వేయించుకుంటానండీ, కాయ మిర్చి యార్డుకి తోలాక” అంది పెద్దమ్మ. టీకాకి జ్వరమొస్తే రెండ్రోజులు పడుకోవాలి. ఆ రెండ్రోజులూ కూలీల మీద ఎవరు నిలబడతారు? మాలో ఎవరికీ అది తప్పనిపించలేదు. మా వైపు పెళ్ళిళ్ళూ కంటి ఆపరేషన్లూ అన్నీ కాయ అమ్మాకే. టీకా కూడా ఆ వరసలోనే చేరింది.

కల్లంలో ముందు నాన్న దగ్గాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఎండు మిరపకాయ కలియదిప్పే చోట దగ్గనివాణ్ణి చూడాలి గానీ దగ్గేవాణ్ణి ఏం చూస్తాం! తొడిమలు తీసేవాళ్ళు దగ్గుతారు, బస్తా కుట్టేవాళ్ళు దగ్గుతారు, అప్పట్లో ఇంట్లోనే ఉండి కాఫీ ఇవ్వడానికి వెళ్ళిన నేనూ దగ్గుతాను. తర్వాత పెద్దమ్మకు మొదలైంది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని “ఈ ఏడు ఘాటు బాగా ఉంది, రేటు పలికిద్ది” అని సంబరపడింది కూడా.

డయాలసిస్ రోజున గుమ్మం దగ్గరే సిస్టర్ ఆపింది.

“ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ దగ్గు?”

“మిరప దగ్గమ్మా. కల్లంలో నుంచి వస్తన్నా.”

సిస్టర్ ఆమె వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి చూసి, లోపలికెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. పరీక్షలో పెద్దమ్మకు కరోనా అని తేలింది. నాన్నకూ ఉంది. ఆయనకు ఒంటినొప్పులతో పోయింది. ఆమెను మాత్రం ఆ గదిలో మిషను ఎక్కించడం కుదరదన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. లోపల పడుకున్నవాళ్ళందరూ పెద్దమ్మ లాంటివాళ్ళే, ఒకరికి అంటితే అందరికీ అంటుతుంది. కరోనా వచ్చినవాళ్ళకు విడిగా మిషను ఉన్న ఆసుపత్రి చూసుకోమన్నారు.

అది దొరికేలోపు రోజులు గడిచిపోయాయి. మిషను ఆగితే ఒంట్లో నీరు బయటికి పోదు. ముఖం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడదు. వసారా స్తంభాలు ఒక్కొక్కటే పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తోంది. నేను మాస్కు కట్టుకుని వాకిట్లో నిలబడి ఫోన్లు చేస్తున్నాను. కొన్ని మోగుతాయి, ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్ళు బెడ్ లేదంటారు.

“ఒసేయ్, ఆ ఫోను కాసేపు అవతల పెట్టి నా వంక చూడవే” అంది.

“నీ వంక చూస్తే బెడ్ దొరికిద్దా?” అని అరిచాను.

నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక, “నేను పోతే కాయ తడవకుండా పట్టా కప్పటం మర్చిపోమాకండి, మబ్బేస్తంది” అంది. ఆ మాటకు నాకు కోపమొచ్చింది, భయమేసింది. మళ్ళీ ఫోన్ చేశాను. సాయంత్రానికి ఒక ఆసుపత్రిలో రమ్మన్నారు. అంబులెన్సు తలుపు వేస్తుంటే కూడా ఆమె లేచి కూర్చోవడానికే చూస్తోంది.

బతికింది. జాకెట్లు వదులైపోయి, జుట్టు రాలిపోయి, అదే గొంతుతో తిరిగొచ్చింది. జబ్బు తగ్గాక మూడు నెలలు ఆగి టీకా వేయించుకోమన్నారు. ఆగినన్నాళ్ళూ మమ్మల్ని చంపుకు తింది. గడువు రాగానే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి కుడిచెయ్యి చాపింది. “ఎడం చెయ్యి మిషనుది, దాన్ని ముట్టుకోమాకమ్మా” అని నర్సుకి ముందే చెప్పింది.

కిడ్నీలు చెడినవాళ్ళ ఒంటికి టీకా బలం అందరికీ పట్టినట్టు పట్టకపోవచ్చని, ఇంట్లోవాళ్ళు కూడా వేయించుకుంటే ఆమెకు మంచిదని డాక్టరుగారు చెప్పి పంపారు. పెద్దమ్మ దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది. ఇంటికొచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టింది. “నాకు సగమే ఎక్కిద్దంట. మిగతా సగం మీరు వేయించుకోండి.”

నేనూ అమ్మా అప్పటికే ఒక డోసు వేయించుకుని ఉన్నాం. మిగిలింది నాన్న.

“నాకు వచ్చి పోయిందిగా వదినా. ఇంకెందుకు?”

“నాకూ వచ్చి పోయింది. నేను వేయించుకోలా?”

“మనూళ్ళో ఒకాయన వేయించుకుని మంచానపడ్డాడంట.”

“వేయించుకోకుండా నేను పడ్డా. చూశావుగా.”

అసలు సంగతి అది కాదు. పురుగుమందు డబ్బా వీపున వేసుకుని, మూతికి గుడ్డ కూడా కట్టకుండా చేనంతా తిరిగే మా నాన్నకు సూదంటే చచ్చేంత భయం. ఆ మాట ఒప్పుకోడు. ఆమె వదలదు. మర్నాడు ఆయన బండి తీసి వాకిట్లో పెడితే పెద్దమ్మ సంచి తీసుకుని బండి పక్కనుంచి నడిచి బస్టాపుకి వెళ్ళిపోయింది.

నాన్న వెనకాలే పరిగెత్తాడు. “బస్సులో అంతమంది ఉంటారు. నా బండి మీద నేనొక్కణ్ణే గదా! ఇదేం బుద్ధి వదినా?”

“వాళ్ళెవరో నాకు తెలీదబ్బాయ్. వాళ్ళని అడగలేను. నిన్ను అడగగలను.”

డాక్టరుగారు వింటే తిట్టేవారు. నేనూ తిట్టాను. వినలేదు. కొన్ని వారాలు బస్సులోనే తిరిగింది. మాస్కు మీద మాస్కు, కిటికీ పక్క సీటు. వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. మిషను దిగి వచ్చేటప్పుడు ఒంట్లో ఉన్నదంతా పిండేసినట్టుండేది. నాన్న ఆ రోజుల్లో అన్నం దగ్గర కూర్చునేవాడు కాదు. ఊరికే వీధిలోకి వెళ్ళి రోడ్డు చూసి వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఎరువుల కొట్టు నుంచి వస్తుంటే, బస్సు దిగిన పెద్దమ్మ కల్వర్టు గోడ మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. ఇంటికి నడిచే ఓపిక లేదు. “ఎక్కు వదినా” అన్నాడు. తల అడ్డంగా ఊపింది. బతిమాలాడు, తిట్టాడు. చివరికి ఒక ఆటోను ఆపి ఎక్కించి, వెనకాలే ఇంటిదాకా బండి మీద వచ్చాడు.

రెండ్రోజులకు ఆరోగ్య కేంద్రంలో నేను నా రెండో డోసుకి వరసలో ఉంటే, నాన్న వచ్చి నా ముందు దూరి నిలబడ్డాడు. వరసలోవాళ్ళు గొడవ చేశారు. “ఇప్పుడు వేయించుకోకపోతే మళ్ళీ రానయ్యా నేను!” అని అందరి మీదా అరిచాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నర్సు సూది తీసేశాక కూడా తెరవలేదు.

పెద్దమ్మ ప్రహరీ బయట నిలబడి ఉంది. లోపలికి రాలేదు. ఆ రోజూ గుంటూరు వెళ్ళాల్సిన రోజే, చేతిలో సంచి ఉంది.

“వేశారా?”

“వేశారు.”

“ఏదీ, చూపించు.”

నాన్న చొక్కా చెయ్యి పైకి లాగి దూది చూపించాడు. దగ్గరికొచ్చి, వంగి మరీ చూసింది.

“రెండోది ఎప్పుడంట?”

“ముందు బండెక్కు వదినా!”

ఎక్కింది. కొంగు నడుముకు దోపుకుని, పడకుండా పట్టు కోసం ఆయన భుజం మీద చెయ్యి వేసింది. సూది పడిన భుజమే.

“అబ్బా, అక్కడ నొప్పి వదినా.”

“ఉండనీ” అంది.

బండి కదిలింది. తొలివానలకు మొలిచి ఎదిగిన పత్తి చేల మధ్య ఆ రోడ్డు చాలాదూరం తిన్నగా పోతుంది. వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ ఆ భుజం మీద నుంచి చెయ్యి తీయలేదు.