పెద్దవ్వ ఆరేసిన తెల్ల తువ్వాల

మా వాడకట్టు పెద్దవ్వ పోయింది. ఆమె ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మిల్లులో బూడిద లారీకి కాగితాలు రాస్తున్నాను. బూడిద గురించి మళ్లీ తిట్లే అయి ఉంటాయనుకుని పక్కన పెట్టాను. మళ్లీ మోగింది. ఎత్తితే ఆమె కోడలు ఏడుస్తోంది. పొద్దున వాకిలి ఊడ్చి, గోడ మీద తువ్వాల ఆరేసి, గడపలో కూర్చుందట. అత్తమ్మ కూర్చోవడం చూడగానే ఏదో అయిందని అర్థమైందని చెప్పింది.

నిజమే, పెద్దవ్వ కూర్చోగా చూసినవాళ్లు మా వాడలో లేరు. చాయ్ కూడా సాసర్‌లో పోసుకుని వాకిట్లో తిరుగుతూ తాగేది. కాలుగాలిన పిల్లి అని నవ్వితే, "కూసుంటె బూడిదంత నా మీదనే పడ్తది బిడ్డా" అనేది. ఆమె నాకు చుట్టం కాదు, మా ఇంటి గోడకు అవతలి ఇల్లు. అయినా నన్ను తిట్టే హక్కు మా అవ్వ కంటే తనకే ఎక్కువని ఆమె లెక్క.

బూడిద సంగతి చెప్పాలి. నేను పనిచేసేది పెద్దపల్లి దగ్గర, మా వాడను ఆనుకునే ఉన్న ఒక రైస్ మిల్లులో. వడ్లు ఉడికించడానికి ఊకనే కాలుస్తాం. ఆ బూడిదను ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టలు పోసేవాళ్లం. తర్వాత ఒక కంపెనీ కొనడం మొదలుపెట్టింది. ఊక బూడిదలోంచి సిలికా అనే తెల్లటి పొడి తీసి, రబ్బరులో కలిపి టైర్లు చేస్తారట. ఇసుక తవ్వే పని లేకుండా ఏటా పండే పంట నుంచి వస్తుంది కాబట్టి దానికి గిరాకీ. మీరెక్కే బండి టైరులో మా వడ్ల ఊక ఉన్నా ఉండొచ్చు. అయితే ఊరికే కొనరు. ఊక ఎక్కడిది, బొగ్గు బూడిద కలిసిందా, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది ఉందా అని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితాలన్నీ చూసేది నేనే.

మొదటి తనిఖీకి ముందు మా ఓనరు నన్ను పెద్దవ్వ దగ్గరికి పంపాడు. ఎవరైనా అడిగితే ఏ ఇబ్బందీ లేదని చెప్పమనాలి. ఆమె అంతా విని, ఆ టైర్లకు ఏం ముద్ర వేస్తారని అడిగింది. పర్యావరణానికి మంచివని వేస్తారన్నాను.

"మంచిదే. మరి నా గోడకు ఏం ముద్ర ఏస్తరు?" అంది. చాయ్ తాగించే పంపింది.

తనిఖీ అధికారి వచ్చిన రోజు ఆమె ఫిర్యాదేమీ చేయలేదు. సిరిసిల్లలో తమ్ముడు మరమగ్గం మీద నేసిన తెల్ల తువ్వాల ఒకటి పొద్దున్నే గోడ మీద ఆరేసింది. మధ్యాహ్నం దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేనేం చెప్ప సారూ. గిదే చెప్తది."

తువ్వాల నల్లబారి ఉంది. సర్టిఫికెట్ ఆగిపోయింది. ఓనరు నా మీద ఒంటికాలి మీద లేచాడు. బూడిదకు షెడ్డు, దాని చుట్టూ టార్పాలిన్ పరదాలు, నీళ్లు చల్లే పైపులు వచ్చాకే కాగితం చేతికందింది. ఆ సంతోషంలో ఓనరు మిఠాయి పంపితే పెద్దవ్వ వద్దనలేదు. పరదాలు చినిగితే జల్దీ కుట్టించమని మాత్రం తిరుగు కబురు పంపింది.

అప్పటి నుంచి అట్లాంటి తెల్ల తువ్వాల ఒకటి రోజూ గోడ మీదే. వాళ్ల తనిఖీ ఏడాదికోసారి, ఈమెది రోజూ. నేను బండి మీద పోతుంటే ఎత్తి చూపించేది. తెల్లగా ఉంటే తల ఊపేది. మాసి ఉంటే పరదా ఎందుకు దించలేదని నడిబజార్లో నిలబెట్టి అడిగేది. నాకు విసుగొచ్చేది. ఆ విసుగంతా మిల్లుకు పోయి హమాలీల మీద చూపించేవాణ్ణి. ఎట్లయితేనేం, పరదా దిగేది.

ఆమెకు దమ్ము జబ్బు, ఆయాసం ఉండేది. పోయింది మాత్రం గుండె ఆగి అని డాక్టరు చెప్పాడు. ఆ మాట వినగానే ఊరటపడ్డాను, ఊరటపడ్డందుకు నా మీద నాకే కోపం వచ్చింది. టైరుకు పోయిన బూడిదకు నా దగ్గర లెక్క ఉంది, ఆమె పీల్చినదానికి ఎవరి దగ్గరా లేదు. ఈ ఆలోచన నన్ను ఒకచోట కుదురుగా ఉండనివ్వడం లేదు. ఇప్పుడు నేనూ చాయ్ తిరుగుతూనే తాగుతున్నాను.

సోమవారం మళ్లీ తనిఖీ ఉంది. మొన్నటి గాలిదుమారానికి షెడ్డు ఒకవైపు పరదాలు చినిగి ఎగిరిపోయాయి. కొత్తవి వచ్చేదాకా తనిఖీ వాయిదా వేయమని అడుగుదామన్నాను. ఓనరు ఒప్పుకోలేదు. అటువైపు వాళ్లను తీసుకుపోవద్దన్నాడు.

"ఇప్పుడు అడిగెటోళ్లు ఎవరున్నరు?"

చెడ్డ మనిషి కాదు. పెద్దవ్వ దినానికి బియ్యం పంపింది ఆయనే. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

సాయంత్రం పెద్దవ్వ ఇంటికి పోయాను. చివరి పొద్దున ఆమె ఆరేసిన తువ్వాల, ఎగరకుండా తాను పెట్టిన రాయి కింద, ఇంకా గోడ మీదే ఉంది. తీయబుద్ధి కాలేదని కోడలు చెప్పింది. ముట్టుకుంటే వేళ్లకు బూడిద అంటింది. తీసుకుపోనా అని అడిగాను. ఆమె సరేనని తల ఊపింది. లోపలికి పోయి, పెట్టెలోంచి ఇంకో తెల్ల తువ్వాల తెచ్చి అదే చోట ఆరేసింది.

పాతది ఇప్పుడు ఆఫీసులో నా టేబుల్ మీద, తనిఖీ కాగితాల పక్కన మడిచిపెట్టి ఉంది. ఓనరు రెండుసార్లు అటు చూశాడు. ఫ్యాను గాలికి దాని మడతల్లోంచి కొద్దికొద్దిగా బూడిద రాలి కాగితాల మీద పడుతోంది. నేను తుడవడం లేదు.