మునెమ్మక్క కుందేలుకు గుండు

మా అక్క మునెమ్మ పోయాక కర్మాదినాడు, తిరువళ్ళూరులో వాళ్ళింటి ముందు షామియానా కింద కూర్చున్న చుట్టాలందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. సరైన ఇంటికే వచ్చానా అని అనుమానం వచ్చి, నేను లోపలికి వెళ్ళి దండ వేసిన ఫొటోను మరోసారి చూసి వచ్చాను. అక్కే. ఫొటోలో కూడా, ఫొటో తీసేవాడికి ఏదో సలహా చెబుతున్నట్టే ఉంది.

“ఎవురి మాటకూ అడ్డం చెప్పేది కాదు,” అన్నాడు కవరైపేట్టై నుంచి వచ్చిన ఒక పెద్దాయన. అది నిజమే. అక్క అడ్డం చెప్పేది కాదు. చెప్పిందంతా శ్రద్ధగా విని, తల ఊపి, తాను ముందే అనుకున్న పని చేసేది. ఆ పెద్దాయన ఎప్పుడూ ఆమెతో ఒక పూట మించి గడిపి ఉండడు.

మాది తిరుత్తణికి పడమర, ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న పల్లె. చెరకు, వేరుశనగ పండించే ఇల్లు. అక్క పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చింది. బావ వేలాయుధం సైకిలు సామాన్ల అంగడి నడిపేవాడు. ఎక్కువ మాట్లాడడు. పెళ్ళికి ముందు బాగానే మాట్లాడేవాడని అంటారు గానీ, నాకు సాక్షులు దొరకలేదు.

అక్కకు వచ్చిన విద్య ప్లాస్టిక్ వయరు బుట్టలు అల్లడం. మా వైపు వాటిని కూడై అంటాం. ఆ వీధిలో కూరగాయలకు పోయే ప్రతి ఆడమనిషి చేతిలోనూ అక్క కూడై ఉండేది. అడిగినవాళ్ళ చేతిలోనూ, అడగనివాళ్ళ చేతిలోనూ. టిఫిను డబ్బా పట్టేంత చిన్నది కావాలంటే, బిందె పట్టేంతది ఇచ్చేది. నీలం అడిగినవాళ్ళకు ఎరుపు ఇచ్చి, నీలం మీకు నప్పదని చెప్పేది. ఒక సుగుణం మాత్రం ఒప్పుకోవాలి. ఆమె కూడై విడిపోయేది కాదు. వయరు బుట్టలో ప్రతి గడీ ఒక ముడి. ఒకచోట వయరు తెగినా పక్క ముడి కదలదు. లోకంలో అల్లేదంతా అట్లాగే ఉంటుందని ఆమె నమ్మకం.

వాళ్ళకు ఒకే కూతురు, నిత్య. అల్లుడు ముకేశ్‌ది మద్రాసులో కంప్యూటరు ఉద్యోగం. కాపురం తిరునిన్రవూరులో. మంచి పిల్లవాడు. ప్రేమ తెలుగులో, కోపం తమిళంలో, భయం ఇంగ్లీషులో చూపిస్తాడు. నిత్య కడుపుతో ఉన్నప్పుడు మనసు ప్రశాంతంగా ఉండాలని డాక్టరమ్మ చెబితే, ముకేశ్ ఆన్‌లైన్లో ఒక అల్లిక కిట్ తెప్పించాడు. రెండు సూదులు, బూడిద రంగు ఉన్ని, కుందేలు బొమ్మ ఎలా అల్లాలో చెప్పే ఇంగ్లీషు కాగితం. చిత్తిరై నెల ఎండలో ఒళ్ళో ఉన్ని పెట్టుకుని ప్రశాంతంగా ఉండడం ఎంతటివాళ్ళకైనా కష్టం. నిత్య కుందేలు చెవులు రెండూ అల్లి, మిగతా కుందేలును అటకెక్కించింది.

పాప వర్షిత నెలలు నిండకుండానే పుట్టింది. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. గుప్పెడంత మనిషి, ఒంటినిండా గొట్టాలు, తల మాత్రం నల్లగా జుట్టుతో నిండిపోయి ఉంది. అక్క ఆ గాజు ముందు నిలబడి, ఎవరినీ అడగకుండా, తిరుత్తణి కొండ మీది మురుగన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. బిడ్డ ఊపిరి నిలిచి ఇంటికి వస్తే, ఏడాది నిండేలోపు పుట్టెంట్రుకలు కొండకిస్తానని. గడువు మురుగన్ అడగలేదు. అక్కే పెట్టింది. పాప ఇంటికి వచ్చాక, ఆ గడువుకు వణికిందీ అక్కే. పాప తుమ్మినా సరే, మా ఎవరి మొహాలూ చూడకుండా పక్కకు తిరిగి, “ఇస్తానంటిని కదయ్యా, ఇస్తానంటిని,” అని గొణిగేది. మిగతా లోకమంతా తన మాట వినాలనుకునే మనిషి, ఆ ఒక్క చోట అంత చిన్నగా మాట్లాడడం నాకు వినబుద్ధి అయ్యేది కాదు.

మొదటిసారి కొండకు వెళ్ళినప్పుడు, గుండు కొట్టే, మా మాటలో మొట్టై కొట్టే, మంటపంలో పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టారు. పుట్టెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో ఉండాలి. నిత్యకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆమె మేనమామనైన నేనే పాపకూ మేనమామనయ్యాను. కత్తి నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక్కసారి వెళ్ళిందో లేదో, పాప గుక్కపట్టింది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. పెదాలు నీలంగా మారాయి. ముకేశ్ పాపను లాక్కుని మొహం మీద ఊదితే కాసేపటికి ఊపిరి వచ్చింది. డాక్టరు తర్వాత చూసి, కొందరు పిల్లలు ఏడ్చేటప్పుడు అలా ఊపిరి బిగబడతారని, ప్రమాదం లేదని, పెద్దయితే పోతుందని అన్నాడు. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. పాప నెత్తి మీద, చెరకు తోటలో కాలిబాటలాగా, ఒక గీత మిగిలిపోయింది. ముకేశ్ దానికి టోపీ పెట్టాడు.

“ఇంక మొట్టై గిట్టై ఏమీ లేదు అత్తా,” అన్నాడు. “పాప పెద్దయినాక తనే కొట్టించుకుంటాది.”

అక్క శ్రద్ధగా విని తల ఊపింది. అప్పుడే నాకు అర్థమైంది, ఇంకోసారి కొండ ఎక్కాలని.

పాపకు ఒక అలవాటు ఉంది. మందు తాగాలంటే ముందు తన ప్లాస్టిక్ బాతుకు తాగించినట్టు నటించాలి. బాతు తాగితే తానూ తాగుతుంది. అక్క దీన్ని చాలా రోజులుగా గమనించి ఒక నిర్ణయానికి వచ్చింది. పాపకంటే ముందు ఒక బొమ్మకు మొట్టై కొట్టించాలి.

“బాతుకు జుట్టు యాడుంది అక్కా?” అన్నాను.

“అందుకే కదా కొత్త బొమ్మ అల్లబోతా ఉండేది.” అటక మీది కిట్ అప్పటికే ఒళ్ళో ఉంది.

“అంగట్లో జుట్టున్న బొమ్మలు అమ్ముతారు కదా.”

“ఆ జుట్టు ఎవురిదో, ఏమో. మురుగన్‌కు అంగడి జుట్టు ఇచ్చేదా?”

నిత్య కాగితం చదివి, తమిళంలో అర్థం చెప్పి, తెలుగులో తల పట్టుకుంది. “ఇందులో జుట్టే లేదు మా. ఇది కుందేలు.”

“కుందేలుకు చెవులు తీసేస్తే ఏమవుతాది?”

“చెవుల్లేని కుందేలవుతాది.”

“పాపవుతాది,” అంది అక్క.

అలా మొదలైంది. కుందేలు ఒళ్ళు కాగితం చెప్పినట్టే అల్లింది, అంటే కాగితం చెప్పినదానికి రెండింతలు. నిత్య అల్లి పడేసిన చెవులు వృథా కాకూడదని వాటిని చేతులు చేసింది. అవి మోకాళ్ళ కింది దాకా వేలాడాయి. “రాజులకు అట్లే ఉంటాయంట,” అంది. గుండ్రటి తోకను ముక్కు చేసింది. ముక్కు కొంచెం పెద్దదైందని నేనంటే, “మా మామగారి పోలిక,” అంది. అక్కడే కూర్చున్న బావ తన ముక్కు తడుముకుని, పేపరు తిప్పాడు. పాప బూడిద రంగులో ఉందేమని నిత్య అడిగితే, “కొండకు పోయే బిడ్డ విబూది పూసుకోదా?” అంది. లోపల కూరడానికి బావ తలగడ విప్పి బూరుగు దూది తీసింది. బావ ఆ రాత్రి నుంచి చేయి మడిచి తల కింద పెట్టుకున్నాడు. ఆ సంగతి కూడా ఆయన ఎవరితోనూ చెప్పలేదు.

ఇక జుట్టు. నిత్య ఫోనులో ఒక వీడియో చూపించింది. తల అల్లడం అయ్యాక, నల్ల ఉన్ని పోగులు వేరుగా కత్తిరించి, ఒక్కొక్కటీ తలకు ముడివేయాలి.

“ఒక్కొక్కటి కట్టుకుంటా కూర్చుంటే పాపకు పెళ్ళి వయసొస్తాది,” అంది అక్క. ఆమె తలనే నల్ల ఉన్నితో అల్లి, ప్రతి కుట్టు దగ్గరా దారాన్ని వేలికి చుట్టి పొడుగ్గా బయటికి లాగి వదిలింది. చూడ్డానికి ఒత్తుగా, ఉంగరాలు తిరిగి, బ్రహ్మాండంగా ఉంది. తలా జుట్టూ ఒకే దారం.

“కత్తిరిస్తే విడిపోదా మా?” అంది నిత్య.

“ఎన్ని కూడైలు అల్లినానే నేను? ఎన్నిటికి వయరు తెగిందో, ఒక్కటన్నా విడిపోయిందా?”

మా ఇంట్లో ఉన్ని గురించి తెలిసినవాళ్ళు ఎవరున్నారు గనక? మాకు స్వెట్టరంటే ఊటీ పోయినవాళ్ళ ఫొటోల్లో కనిపించే వస్తువు.

ముకేశ్ ఆ బొమ్మను చేతులు పట్టి లేపి చూసి, కింద పెట్టేశాడు. పాప మాత్రం దాని ముక్కు నోట్లో పెట్టుకుని, పొడుగు చేతులు మెడకు చుట్టుకుని, వదల్లేదు. అది చూసి మెత్తబడ్డాడు. “ఒకే ఒక్కసారి అత్తా. పాప గుక్కపట్టిందంటే ఎత్తుకుని వచ్చేస్తా. ఆ తర్వాత నువ్వు మొక్కు మాట ఎత్తకూడదు, మురుగన్ వచ్చి అడిగినా సరే.”

“సరి,” అంది అక్క. ఈసారి తల ఊపలేదు. మొహం పాలిపోయి ఉంది.

అలా పాపకు ఏడాది నిండే వారంలో మళ్ళీ మంటపంలో కూర్చున్నాం. కిందంతా నీళ్ళు, ఎవరెవరి జుట్టో. నా ఒళ్ళో పాప, పాప ఒళ్ళో బొమ్మ. మాకు దొరికిన క్షురకుడు పచ్చయ్యప్ప బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

“బొమ్మకు టోకెన్ యాడుందమ్మా?”

“ఒళ్ళో బిడ్డకు బస్సులో టికెట్టు అడుగుతారా నాయనా?”

ఆయన నవ్వి, బొమ్మ తల మీద నీళ్ళు చల్లి, పద్ధతిగా రుద్ది, నుదుటి నుంచి మొదలుపెట్టాడు. పాప కళ్ళార్పకుండా చూస్తోంది. బ్లేడు ఒక వరుస జుట్టు కోసింది. రెండో వరుస కూడా కోసింది. అక్క నావైపు విజయగర్వంతో చూసింది. ఆ చూపు ఇంకా నా మీద ఉండగానే తల విడిపోవడం మొదలైంది. ఒక కుట్టు జారింది, దాని కింద ఇంకోటి, చినిగిన మేజోడులాగా నడినెత్తి నుంచి మెడ దాకా నోరు తెరిచింది. లోపలి బూరుగు దూది బయటికి వచ్చింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఇంకేం కావాలి.

మంటపమంతా దూది. అప్పుడే గుండు చేయించుకున్నవాళ్ళ తడి తలల మీద ఒక్క క్షణంలో తెల్లజుట్టు మొలిచింది. ఎవరో తుమ్మారు, ఎవరో తిట్టారు. అక్క కూడై పట్టుకుని దూది వెంట నేల మీద పాకుతూ, “తల తుడుచుకోవద్దన్నా, ఇంకా అంటుకుంటాది,” అని దారిలో ఉన్నవాళ్ళందరికీ సలహాలిస్తోంది.

నేను పాపను చూశాను. నోరు తెరిచి ఉంది. శబ్దం లేదు. ముకేశ్ ఒక అడుగు ముందుకు వేశాడు. పాప ఛాతీ మీద చేయి పెట్టాను. ఊపిరి ఆడుతోంది. పాప పైకి చూస్తోంది, అంతే. ఒక దూది పింజ మెల్లగా దిగి ముక్కు మీద వాలితే, “ఊ” అంటూ రెండు చేతులూ పైకి చాచింది.

ఆ గొడవలో దూదిని చూడనివాడు పచ్చయ్యప్ప ఒక్కడే. పాప గడ్డం కింద చేయి పెట్టి, తన పని తాను చేసుకుపోయాడు. పాప దూదిని పట్టుకోవడానికి అటు తిరిగితే ఇటు గొరిగాడు, ఇటు తిరిగితే అటు గొరిగాడు. మేం ఊపిరి బిగబట్టుకుని ఉండగానే ముగించి, చందనం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

“అత్తా,” అని పిలిచాడు ముకేశ్. “పాపకు మొట్టై అయింది. వచ్చి చూడు.”

అక్క ఎవరి కాళ్ళ మధ్య నుంచో లేచింది. ఎంతకాలంగానో ఎదురుచూసిన పని జరిగేటప్పుడు ఆమె అటు తిరిగి ఉంది. దగ్గరికి వచ్చి ముందు తల చూడలేదు, పాప ఛాతీ చూసింది. తర్వాత పెదాలు చూసింది. ఆ తర్వాత గుండు చూసింది. చూసి, ఆ తడిలోనే, ఊరందరి జుట్టు మీద చతికిలబడి ఏడుపు అందుకుంది. ఒక్క కేకతో గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, ఊపిరి రాలేదు. గాజుపెట్టె దగ్గర నుంచి ఆ రోజు దాకా దాచిందంతా ఒకేసారి అడ్డం పడినట్టుంది. మొహం నల్లబడింది.

ముకేశ్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాపకు చేసినట్టే మొహం మీద ఊదాడు. “ఊపిరి తీసుకో అత్తా. పాప బాగుంది. తీసుకో.”

నిత్య వీపు తట్టింది. పాప నా ఒళ్ళోంచి వంగి, ఈ కొత్త వేడుకను కూడా అంతే శ్రద్ధగా చూసింది.

కాసేపటికి అక్కకు ఊపిరి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, పాపను దగ్గరికి తీసుకుని, నెత్తి మీద చేయి వేసి నెమ్మదిగా అంతా తడిమింది. తడుముతూ ఒకచోట ఆగింది.

“చెవి ఎనకాల రోంత మిగిలిపోయిండాది నాయనా,” అంది పచ్చయ్యప్పతో.

పచ్చయ్యప్ప ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్ళీ బ్లేడు అందుకున్నాడు. ముకేశ్ పాప తలను తానే రెండు చేతులతో పట్టుకుని, పక్కకు వంచాడు.