బ్రూలిన్ గారి స్కీ చెక్కలు

స్టాక్‌హోమ్‌లో కాస్టెన్ బ్రూలిన్ గారు ముప్పయ్యేళ్లుగా చరిత్ర బొమ్మలు వేస్తున్నారు. సొంత కళ్లతో చూసి వేసింది మాత్రం ఏదీ లేదు. డ్యూసెల్డార్ఫ్‌లో చదివినన్నాళ్లూ అక్కడి గురువులాగే రాజునీ గుర్రాన్నీ గోధుమరంగులో ముంచారు. పారిస్ వెళ్లొచ్చాక ముఖమలు పిచ్చి పట్టింది. యుద్ధంలో చచ్చే సిపాయికి కూడా ముఖమలే. మ్యూనిక్ నుంచి గడ్డం ఒక్కటే తెచ్చుకున్నారు. ఈ భాగోతమంతా గున్నిల్‌కు తెలుసు. పదకొండేళ్లుగా ఆయన గది ఊడ్చేదీ, బొమ్మకు రాణి కావాలంటే దుప్పటి కప్పుకుని నిలబడేదీ ఆమే.

యాభై నాలుగో ఏట ఆయన అదృష్టం పండబోయింది. ఉత్తరాన గున్నిల్ పుట్టిన పల్లెవాళ్లు తమ సభామందిరానికి పెద్ద బొమ్మ అడిగారు. పూర్వం మంచులో స్కీ చెక్కల మీద జారుతూ రాజుకు కబురు మోసిన తమ రైతుల బొమ్మ. అది వాళ్లకు నచ్చితే ఆ పేరుతో చిత్రకళా అకాడమీలో ప్రొఫెసర్ పదవి. నచ్చకపోతే ఇక ఆయన మొహం చూసేవాడుండడు.

బొమ్మలో స్కీ చెక్కలు రెండూ ఒకే పొడవున ఉన్నాయి. గున్నిల్ మూడోసారి కూడా ఊరుకోలేకపోయింది.

“అయ్యగారూ, మా వైపు ఎడమకాలి చెక్క మనిషి నిలువుకు మించి ఉంటుంది. కుడిది పొట్టి. పొట్టిదానితో మంచును వెనక్కి తన్నుతూ పొడుగుదాని మీద జారతారు. మా నాన్న చచ్చేదాకా అలాగే తిరిగాడు.”

“మీ నాన్న డ్యూసెల్డార్ఫ్‌లో చదివాడా?”

“లేదండీ. అందుకే పడిపోకుండా తిరిగాడు.”

“నోరు మూసుకుని ఆ పాలబక్కెట్ పట్టుకు నిలబడు. మూల ఖాళీగా ఉంది.”

ఆ మూలను ఆయన ఒక్క పూటలో ముగించారు. గురువులను తలచుకునేంత విలువ దానికి లేదు మరి.

మే నెలలో పల్లెపెద్ద హాల్వార్ వచ్చాడు. చక్కెరముక్క పళ్ల మధ్య పెట్టుకుని, సాసర్లో కాఫీ జుర్రుతూ బొమ్మంతా చూశాడు.

“ముఖమలు తొడుక్కుని ఎక్కడికి బయల్దేరారండీ వీళ్లు, పెళ్లికా? ఈ చెక్కలతో మా పెరడు కూడా దాటలేరు.”

బ్రూలిన్ గారి ముఖం పాలిపోయింది. వేలు మాత్రం చురుగ్గా గున్నిల్ వైపు తిరిగింది. “ఇది మీ ఊరిదే. ఇదే ఇలా వేయమంది.”

గున్నిల్‌కు ఒళ్లు మండింది.

“ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అన్నాను. మూడుసార్లు అన్నాను.”

ఆ యాస వినగానే హాల్వార్ తలెత్తాడు. ఆమెనూ బొమ్మ మూలనూ మార్చి మార్చి చూశాడు. అక్కడ చలికి కమిలిన చేతులతో, బక్కెట్ బరువుకు ఒక పక్కకు ఒరిగి ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

“ఈ మూల ఎవరు వేశారు?”

“నేనే,” అన్నారు బ్రూలిన్ గారు చిన్నబుచ్చుకుని.

“అయితే అది కోసివ్వండి. అదొక్కటే పట్టుకెళ్తాం.”

బ్రూలిన్ గారు వంగి ఆ మూలను జానతో కొలిచారు. చివరికి కత్తెర అడిగారు. గున్నిల్ అప్పటికే తెచ్చి చేత్తో పట్టుకుని ఉంది.