చెరువు మట్టి వదలని మందు

మా పిన్ని వాళ్లది బందరు దాటాక సముద్రం వైపు ఉన్న ఒక పల్లె. ఇళ్లు ఇసుక దిబ్బ మీద, చేలు కింద నల్లమట్టిలో. తొంభైలలో అందరూ రొయ్యల చెరువులు తవ్వుతుంటే బాబాయి కూడా వరిచేను తవ్వించారు. మొదట్లో బాగానే ఉంది. తర్వాత తెగులొచ్చింది. రొయ్యలు చచ్చి తేలుతుంటే, మందుల షాపులో ఏది చెబితే అది మేతలో కలిపి చల్లారు. అందులో మనుషులు మింగే యాంటీబయాటిక్ కూడా ఉంది. అయినా చెరువు దక్కలేదు. గట్లు కొట్టించి మళ్లీ వరి వేశారు.

రెండు వేలు దాటిన కొత్తలో నేను విజయవాడలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ పిహెచ్.డి.లో చేరాను. ఆ మందు ఏమైందో చూస్తానన్నాను. మా గైడు గారు ఒప్పుకోలేదు.

"ఎప్పుడో చల్లిన మందమ్మా. నీళ్లలో కొట్టుకుపోయుంటుంది. వేరే టాపిక్ చూసుకో."

"ఒక్కసారి చూస్తాను సార్. లేకపోతే లేదనే రాస్తాను."

బాబాయి చేలోని మట్టి సంచుల్లో పట్టుకుని బస్సెక్కితే కండక్టరు నవ్వాడు. "ఏంటండీ, బెజవాడలో మట్టి దొరకట్లేదా?"

మట్టిని నీళ్లతో గిలకొట్టి, వడగట్టి, ఆ నీళ్లు పరీక్షించాను. మందు లేదు. వేడినీళ్లతో చేశాను, స్పిరిట్‌తో చేశాను. లేదు. గైడు గారు నా బల్ల వైపు ఓసారి చూసి వెళ్లేవారు.

వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. ఎన్నడూ చెరువు తవ్వని పక్క చేను మట్టి తెచ్చి, దానిలో నేనే మందు కలిపాను. కాసేపు గిలకొట్టి వడగడితే నీళ్లలో ఆ మందు దాదాపు లేదు. నా చేత్తో వేసిందే కనబడకపోతే, బాబాయి చేలోది లేదని ఎలా అంటాను?

మా అమ్మ నర్సు. చిన్నప్పుడు జ్వరానికి ఆ మందే ఇస్తూ, "పాలతో మింగకు, ఒంటికి పట్టదు" అనేది. పాలల్లో కాల్షియం మందును పట్టేసుకుంటుంది. బాబాయి చెరువులో సున్నం బస్తాలకు బస్తాలు చల్లారు. సున్నంలో ఉన్నదీ కాల్షియమే. బంకమట్టి కాల్షియాన్ని పట్టుకుంటే, కాల్షియం మందును పట్టుకుంది. ఉత్త నీళ్లకు ఆ పట్టు వదలదు.

అందుకని కాల్షియాన్ని లాగేసే ఉప్పు కలిపిన పుల్లటి ద్రావణంతో మట్టిని కడిగాను. బ్యాక్టీరియా పెంచే పళ్లేల్లో ఆ కడిగిన ద్రావణం చుక్కలు వేశాను. మర్నాడు చూస్తే చెరువు మట్టి చుక్క చుట్టూ బ్యాక్టీరియా చచ్చి, గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. మందు కలపని పక్క చేను మట్టినీ అలాగే కడిగి వేసిన చుక్క దగ్గర అలాంటిదేమీ లేదు. గైడు గారు పళ్లెం వెలుతురుకు ఎత్తి చూసి, "కానివ్వమ్మా" అన్నారు.

ఆదివారం ఊరెళ్లి, అందరం చర్చి నుంచి వచ్చాక బాబాయికి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"అయితే మా చేను విషమంటావా? ఊళ్లో తెలిస్తే మా వడ్లెవడు కొంటాడు?"

"విషమనట్లేదు బాబాయ్. గింజలోకి వెళ్తుందో లేదో నాకింకా తెలీదు. నల్లమట్టి గట్టిగా పట్టుకునుంది. ఇసుక నేలకి ఆ పట్టుండదు. అక్కడ పడితే నీళ్లతో పాటు కిందికి దిగొచ్చు."

పిన్ని గుమ్మంలోంచి అంది: "బావి పక్కన ఆనపపాదుకి వేసింది చెరువు మట్టే కదండీ?"

బాబాయి అన్నం కూడా తినకుండా పార తీశారు. ముగ్గురం కలిసి పొద్దుగూకేలోగా ఆ మట్టంతా ఎత్తి మళ్లీ చేలో పోశాం. పాదు పోయింది.

తర్వాత ప్రతి కోతకీ ఆయనే మట్టి పంపి, "ఇంకా ఉందా?" అని ఫోన్ చేసేవారు. తగ్గింది గానీ, నేను థీసిస్ ఇచ్చేనాటికి కూడా పూర్తిగా పోలేదు. ఆ ఏడు పక్క చెరువాయన తన చెరువు మట్టి ఇంటి దొడ్డికి తోలిస్తుంటే బాబాయి ఆయన్ని చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చారు.

"చెప్పమ్మా, నాకు చెప్పినట్టే చెప్పు."

నాకు తెలిసిందీ, తెలియనిదీ రెండూ చెప్పాను. ఆయన చాలాసేపు విని, మట్టి బండి వెనక్కి చెరువు వైపే తిప్పించారు.