పాత హీరో తిరిగొచ్చిన సాయంత్రం

మా అన్నయ్య సముద్రంలో పోయినప్పుడు వాడికింకా పదమూడేళ్ళు నిండలేదు. కార్తీకమాసంలో నాన్నతో పనిచేసేవాళ్ళంతా కుటుంబాలతో రుషికొండకి పిక్నిక్ వెళ్ళారు. మేం ఒడ్డున అన్నాలు తింటుంటే, మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డ అన్నయ్యని ఒక అల లాక్కుపోయింది. జాలర్లు పడవలేసుకుని వెతికారు. వాళ్ళలో ఒక ముసలాయన అమ్మ పక్కన కూర్చుని, "సముద్రం ఏదీ ఉంచుకోదమ్మా, ఇచ్చేత్తాది" అన్నాడు.

ఇవ్వలేదు.

ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి ముగ్గురమే తిరిగొచ్చాం. అంతకుముందు, బడినుంచి రాగానే అన్నయ్యా నేనూ తెలుగులో వచ్చే ఒక జపాన్ కార్టూన్ చూసేవాళ్ళం. అందులో ఎర్ర కండువా కుర్రాడంటే అన్నయ్యకి ప్రాణం. ఆ కుర్రాడి మాటలన్నీ అచ్చం అదే గొంతుతో అనేవాడు. వంటింట్లో ఉన్న అమ్మకి ఏది టీవీయో, ఏది కొడుకో తెలిసేది కాదు. వాడు పోయాక నేను ఆ ఛానల్ జోలికి వెళ్ళలేదు.

చాలాకాలానికి, బడిలో పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ కార్టూన్‌కి కొత్త కథ మొదలవుతోందట, కొత్త హీరోలట. ఉండబట్టలేక పెట్టాను. మొదటిరోజే చెప్పేశారు: పాత యుద్ధంలో ఎర్ర కండువా కుర్రాడు కనబడకుండా పోయాడని. వెంటనే లేచాను. టీవీ కట్టేయబోతే వెనకనుంచి అమ్మ, "ఉంచు" అంది.

వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది.

"ఈ పిల్లలెవులే?"

"కొత్త హీరోలమ్మా."

"మరి ఆడేడి?"

"తప్పిపోయాడంట."

"సచ్చిపోనాడని సెప్పారేటి?"

"లేదు."

"అయితే వత్తాడు."

ఆరోజునుంచి రోజూ కూర్చునేది. కొత్త పిల్లలు కొండలు పగలగొట్టినా, రాక్షసుల్ని తరిమినా ఆవిడకి పట్టేది కాదు. వాళ్ళ వెనక జనంలో, చెట్లచాటున వెతికేది. నాన్న డ్యూటీనుంచి వచ్చి, "బొమ్మలు సూత్తన్నావేటి?" అని నవ్వబోయి, అమ్మ మొహం చూసి, గుమ్మంలోనే నిలబడిపోయేవాడు.

ఒక వాన సాయంత్రం అతను వచ్చాడు. పొడుగాటి మనిషి, గడ్డం, మెడలో వెలిసిపోయిన ఎర్రగుడ్డ. కొత్త పిల్లలు పోల్చుకోలేదు. నోరు తెరిస్తే బొంగురు గొంతు, ఎన్నడూ విననిది.

"వీడు కాదమ్మా! గొంతు వేరే!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ చూపు తిప్పలేదు. "మగపిల్లలకి పెద్దయితే గొంతు మారదేటే?" అంది మెల్లగా. "ఎంత పొడుగైపోనాడో సూడు."

టీవీలో ఒక పాప, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని అడిగింది.

"అన్నం తిన్నాడో లేదో అడగరేటి!" అంది అమ్మ.

మర్నాటినుంచి అమ్మ ఆ కార్టూన్ చూడలేదు. రమ్మని పిలిస్తే, "వచ్చీసినాడు కదా" అనేది. ఆ వేసవిలో పక్క క్వార్టర్‌లోకి కొత్తవాళ్ళు దిగారు. ఆ ఇంటావిడ పరిచయానికొచ్చి, పిల్లలెందరని అడిగింది.

"ఇద్దరు. పెద్దోడు ఇక్కడ లేడు" అంది అమ్మ, ఎంతో మామూలుగా. టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

"ఎక్కడ చదువుతున్నాడమ్మా మీ అన్నయ్య?" అని ఆవిడ నన్నడిగింది.

పేపరు చదువుతున్న నాన్న తలెత్తలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"దూరంగా అండీ" అన్నాను.